4కే పెళ్లి వీడియోలకి సిస్టమ్ కొనేముందు మీ కెమెరా సంగతి చూడండి

కావలి నించి ఒంగోలు దాకా పెళ్లి వీడియోలు చేసేవాళ్లం షాపుకి పోంగానే ముందు అడిగేది గ్రాఫిక్స్ కార్డు ఏదుందని, నేనూ అట్నే అడిగా. అసలు ముందు తెలుసుకోవాల్సింది మన కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తా ఉందో. ఇప్పుడొచ్చే సోనీ ఆల్ఫాల్లో చానావాటికి 10 బిట్ 4:2:2 ఉంది, అంటే రంగుల వివరం ఎక్కువగా దాచిపెట్టే పద్ధతి, కలరింగ్‌కి బాగుంటదని అదే పెడతాం, కానీ హెచ్.265లో, అంటే ఫైలు సైజు బాగా కుదించే ఫార్మాట్‌లో, తీసిన ఆ క్లిప్పుని ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులు డీకోడ్ చెయ్యలేవు, అంటే విప్పి చూపించలేవు, బరువంతా ప్రాసెసర్ మీద పడద్ది.

నాకు షాపాయన పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ ఇచ్చాడు, కొంచెం రేటు తగ్గద్దన్నాడు, ఆ అక్షరం ఏందో నాకు తెలీదు. ఇంటికొచ్చి తలంబ్రాల క్లిప్పు టైమ్‌లైన్ మీద వేసి స్పేస్ బార్ నొక్కితే మేళం మోగతానే ఉంది, బొమ్మ మాత్రం ఆగిపోయింది, బియ్యం గాల్లోనే నిలబడిపోయినాయి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100, అంత డబ్బు పోసిన కార్డు ఖాళీగా కూర్చోనుంది. ఎఫ్ అంటే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేదని, 4:2:2ని తెరిచే క్విక్ సింక్ అనే ఇంటెల్ వీడియో భాగం ఉండేదే ఆ గ్రాఫిక్స్‌లో అని తర్వాత తెలిసింది, చానా బాధేసింది. కాబట్టి ఇంటెల్ అయితే 12వ జనరేషన్ నించి పైవి, ఎఫ్ లేనిదే తీసుకోండి, లేదంటే ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డుకి పోండి, వాటికి 4:2:2 వచ్చేసింది. కార్డు పెట్టినాక కొన్ని బోర్డుల్లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఆఫ్ అయిపోద్ది, బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, ఆన్ చేయించండి.

ర్యామ్ 32 జీబీ, 16వి రెండు. ఒకటే స్టిక్ కొనబాకండి.

స్టోరేజీ దగ్గర మాత్రం లెక్కేసుకోండి. 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన, తీస్తే గంటకి 45 జీబీ, మూడు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే ఒక్క పెళ్లే 540 జీబీ. విండోస్‌కి ఒక ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ), నడిచే పనికి విడిగా 2 టీబీది ఇంకోటి, అయిపోయినవి హార్డ్ డిస్కులోకి, అది కూడా రెండు కాపీలు, ఎందుకంటే పోయిన పెళ్లిని మళ్లీ తియ్యలేం. హార్డ్ డిస్కు మీదనే పెట్టి ఎడిటింగ్ చేయబాకండి.

మన ఎండలకి, రోహిణి కార్తెలో మరీ, ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి, అద్దం బిగించినవి చూడ్డానికే. కరెంటు పోతే రెండర్, అంటే ఎడిట్ చేసింది ఫైనల్ వీడియోగా తయారయ్యే పని, మొత్తం మొదటికొస్తది, అందుకని యూపీఎస్ 1 కేవీఏకి తగ్గనీబాకండి.

నెల్లూరులో కొన్నా, చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి కొన్నా జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి, డబ్బులిచ్చేముందే మీ కెమెరాలో తీసిన క్లిప్పు పెన్‌డ్రైవ్‌లో పట్టకపోయి, ఆ సిస్టమ్‌లోనే, మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ మీద వేయించి, రెండు నిమిషాలు కళ్లారా చూడండి.