టకటకా అంటది గానీ పొయ్యి అంటుకోదా?

మా నెల్లూరోళ్ల ఇళ్లల్లో ఆదివారం చేపల పులుసు పొంగిందంటే సోమవారం పొద్దున గ్యాస్ పొయ్యి ఆటో ఇగ్నిషన్ మొరాయించినట్టే. మా ఇంట్లో మొన్న అదే అయింది. మెకానిక్ మూత కూడా తీయకుండానే ఇగ్నైటర్ (నిప్పురవ్వ పుట్టించేది) మార్చాలన్నాడు. ఆగబ్బయ్యా అని నేనే చూశా.

రెగ్యులేటర్ కట్టేసి, పొయ్యి చల్లారాక బర్నర్ మూత తీయండి. పక్కన తెల్లటి పింగాణీ గొట్టంలోంచి సన్నటి పుల్ల పైకొచ్చి ఉంటది. నిప్పురవ్వ దాని కొసనుంచి బర్నర్ మీదికి దూకాలి. మా దానికి చింతపండు, నూనె కలిసి నల్లగా పెచ్చు కట్టింది. తడి, జిడ్డు పడితే రవ్వ దారి తప్పి పక్కకి పోతది. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచా. పింగాణీ పగిలుంటే మాత్రం ఎంత రుద్దినా లాభం లేదు, మార్చాల్సిందే. బర్నర్ చిల్లులు పిన్నీసుతో పొడిచి, బాగా ఆరాక మూత సరిగ్గా గాడిలో కూర్చోబెట్టా. మూత వంకరగా ఉన్నా అంటుకోదు. నేనే రెండుసార్లు తప్పుగా పెట్టా.

అసలు రవ్వే రాకుంటే బ్యాటరీ చూడండి. కొన్నిటికి పొయ్యి అడుగున ఉంటది, ఉన్న సంగతే మరిచిపోతాం. కరెంటు మీద నడిచేదైతే ప్లగ్ తీసే చెయ్యి పెట్టండి.

వెలగలేదని తిప్పుతూనే ఉండొద్దు. నాబ్ కట్టేసి, కిటికీలు తెరిచి, వాసన పూర్తిగా పోయాకే మళ్లీ చూడండి. వాసన పోకుంటే స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ కొట్టండి.