కారు బాడీకి ఏ గుడ్డ తగినది: కడగడానికి, తుడవడానికి, వ్యాక్స్ పట్టించడానికి ఎంచుకునే పద్ధతి

ముదురు రంగు కారును సాయంత్రపు ఏటవాలు ఎండలో నిలిపి, బానెట్ మీద సూర్యబింబం పడే చోట జాగ్రత్తగా చూస్తే, ఆ వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్లు సన్నని గీతలు కనిపిస్తాయి. గీతలు నిజానికి అన్ని దిక్కులకూ ఉంటాయి, కానీ వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కనుక గుండ్రంగా అల్లినట్లు అనిపిస్తుంది. కొన్న రెండేళ్లకే ఇలా అయిందని బాధపడేవారు రోడ్డు మీది దుమ్మును తప్పుపడతారు. ఆ దుమ్ము దానంతట అది కూర్చుంటే బాడీకి పెద్దగా హాని చేయదు. దాన్ని గుడ్డతో అదిమి లాగినప్పుడే గీత పడుతుంది. మన వీధుల దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి, ఇసుకలోని స్ఫటికం గాజు కన్నా గట్టిది, రంగుకు కాపలాగా ఉండే క్లియర్ కోట్ మందమేమో సాధారణంగా 40, 50 మైక్రాన్ల ప్రాంతంలో, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువగా ఉంటుంది. పడిన గీతలను పాలిష్‌తో తీయించవచ్చు కానీ, తీయించిన ప్రతిసారీ ఆ పలుచని పొరలోనే కొంత అరిగిపోతుంది. అందుకే ఏ గుడ్డను చేతిలోకి తీసుకున్నా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: దీని కింద చిక్కిన రేణువు ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్నతో చూస్తే ఇంట్లో దొరికే పాత గుడ్డల సంగతి వెంటనే తేలిపోతుంది. పాత బనియను, చిరిగిన లుంగీ, తుండుగుడ్డ చేతికి మెత్తగానే ఉంటాయి, కానీ దగ్గరగా నేసిన, అల్లిన చదును బట్టలో రేణువు దాగడానికి చోటు ఉండదు. అది గుడ్డకూ బాడీకీ మధ్యనే ఉండిపోయి, చెయ్యి ఎటు పోతే అటు గీసుకుంటూ పోతుంది. వాటి మీది కుట్లు, మడతలు, గుండీలు ఇంకా చేటు చేస్తాయి. మందమైన కొత్త టర్కీ టవల్ వీటికన్నా నయమే, దాని ఉచ్చుల మధ్య కొంత లోతు ఉంటుంది. అయితే బోరు నీళ్లలో పదిసార్లు ఉతికి ఎండలో ఆరేసిన టర్కీ టవల్ అప్పడంలా బిరుసెక్కుతుంది కనుక దాన్ని కారు లోపలి మ్యాట్లకు, డిక్కీకి ఉంచుకోవడమే మంచిది.

బాడీకి తగినది మైక్రోఫైబర్. పేరు అందరికీ తెలిసినదే, కానీ ఆ పేరుతో అమ్మే గుడ్డల్లో నాణ్యత తేడా చాలా ఎక్కువ. దారం సన్నదనాన్ని డెనియర్‌లో కొలుస్తారు. 9,000 మీటర్ల పోగు ఒక గ్రాము తూగితే అది ఒక డెనియర్, అంతకన్నా సన్ననిదే మైక్రోఫైబర్. ఇందులో పాలిస్టర్, పాలీఅమైడ్ అనే రెండు పదార్థాలు కలిసిన పోగును తయారీలోనే నిలువునా చీలుస్తారు, అలా చీలిన అంచులు దుమ్మును పట్టి లోపలికి లాక్కుంటాయి. పాలీఅమైడ్ వాటా పెరిగినకొద్దీ గుడ్డ సాధారణంగా మెత్తగా ఉంటుంది, నీరు బాగా పీలుస్తుంది. చీటీ మీద 80/20 అనో 70/30 అనో ఉండేది ఈ పాళ్లే. పాళ్లు రాయకుండా మైక్రోఫైబర్ అని మాత్రమే ముద్రించిన గుడ్డ నూటికి నూరుపాళ్లు పాలిస్టరే కావచ్చు. దానితో చక్రాలు తుడుచుకోవచ్చు గానీ బాడీ మీద వాడకూడదు.

చీటీని నమ్మలేనప్పుడు చేతితోనే పరీక్షించవచ్చు. పొడి అరచేతిని గుడ్డ మీద మెల్లగా జరిపితే, చీల్చిన పోగు చర్మం గరుకులను పట్టుకుని చిన్నగా లాగుతున్నట్లు ఉంటుంది. పట్టులా జారిపోతే పోగు సరిగా చీలలేదని అనుమానించాలి. బల్ల మీద రెండు చెంచాల నీళ్లు పోసి గుడ్డను దాని మీదుగా ఒక్కసారి లాగినప్పుడు, నీటిని ముందుకు తోసే గుడ్డ పనికిరాదు, తాగేసే గుడ్డ పనికివస్తుంది. కొత్త గుడ్డకు ఈ నీటి పరీక్షను ఒకసారి ఉతికాకే చేయాలి, ఎందుకంటే ఉతకనిది సరిగా పీల్చదు. ఇక నాకు బాగా నమ్మకమున్న పరీక్ష పాత సీడీది. సీడీ వెనుక వైపు ప్లాస్టిక్ క్లియర్ కోట్ కన్నా మెత్తన. గుడ్డను, ముఖ్యంగా దాని అంచును, ఆ మెరిసే వైపు మీద పదిసార్లు గట్టిగా రుద్ది దీపం వెలుగులో తిప్పి చూడండి. సీడీ మీద గీత కనబడితే ఆ గుడ్డను బానెట్ దగ్గరికి రానివ్వకండి.

అంచుల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నా కారు డ్రైవరు వైపు తలుపు మీద జానెడు పొడవున పడిన మూడు సమాంతర గీతలకు కారణం అదే. గుడ్డ మంచిదే, ఖరీదైనదే. కానీ ఒక మూల కుట్టిన నైలాన్ చీటీ నేను తుడిచేటప్పుడు మడతలోంచి బయటికి వచ్చి బాడీకి రాసుకుంది. గీతలు చూశాక గుడ్డను వెలుతురుకు పట్టుకుంటే, ఆ చీటీ కుట్టులో ఆవగింజలో సగం కూడా లేని ఇసుక రేణువు ఇరుక్కుని మెరుస్తూ ఉంది. అప్పటి నుంచి కొత్త గుడ్డ ఇంటికి రాగానే చిన్న కత్తెరతో చీటీని, దాని దారపు ముక్కలతో సహా, తీసేయడం నా మొదటి పని. కొనేటప్పుడు, అంచుకు కుట్టు లేకుండా కోసి అతికించిన రకం దొరికితే దాన్నే తీసుకోండి. లేదా మెత్తటి శాటిన్ పట్టీ వేసినది తీసుకోండి. గట్టి నైలాన్ దారంతో ఓవర్‌లాక్ చేసిన అంచు తప్పనిసరైతే, ఆ అంచును లోపలికి మడిచి వాడాలి.

గుడ్డ బరువును జీఎస్ఎమ్‌లో చెబుతారు, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఈ అంకెను వంటింటి తూకంతోనే సరిచూసుకోవచ్చు: 40 సెంటీమీటర్ల చదరపు గుడ్డ 300 జీఎస్ఎమ్ అయితే 48 గ్రాములు, 500 అయితే 80 గ్రాములు తూగాలి. 500 అని రాసి ఉన్న గుడ్డ 50 గ్రాములే తూగితే ఆ అమ్మకందారు దగ్గర మరోసారి కొననక్కరలేదు. అయితే జీఎస్ఎమ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న అభిప్రాయం సరికాదు. బరువైన, పొడవైన నూగు (గుడ్డ మీద లేచి ఉండే పోగులు) ఉన్న గుడ్డ బాడీ మీద చివరి తుడుపుకు, నీటిని పీల్చడానికి బాగుంటుంది. మెరుపు కోసం బాడీకి రాసి ఆరనిచ్చిన వ్యాక్స్‌ను తీయడానికి పొట్టి నూగుతో 300, 350 ప్రాంతంలో ఉండేదే చక్కగా పనిచేస్తుంది. అద్దాలకు దాదాపు నూగే లేని పలుచని నేత కావాలి.

ఇప్పుడు కడిగే పని. సబ్బు నీళ్లతో బాడీని తాకే వస్తువే అన్నిటికన్నా ఎక్కువ మురికిని ఎదుర్కొంటుంది కనుక ఖర్చు పెట్టదలచుకుంటే ముందు దాని మీద పెట్టండి. చదునైన స్పాంజి మన బజార్లలో ఎక్కడైనా దొరుకుతుంది, కానీ దాని ముఖం చదును కావడం వల్ల రేణువు లోపలికి పోకుండా బాడీకి అదుముకుని ఉంటుంది. కుచ్చులు కుచ్చులుగా వేలాడే మైక్రోఫైబర్ గ్లౌజు దీనికి సరైన జవాబు. రేణువులు కుచ్చుల మధ్యకు జారిపోతాయి, బకెట్టులో ముంచి విదిలిస్తే చాలావరకు కిందికి దిగిపోతాయి. గొర్రె ఉన్ని గ్లౌజు అంతకన్నా మృదువు, బాడీ మీద జారే తీరే వేరు. కానీ తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో అది సరిగా ఆరక వాసన పడుతుంది, వేడి నీళ్లు తగిలితే ఉన్ని వెనుక ఉండే తోలు ముడుచుకుంటుంది. విశాఖలోనో కాకినాడలోనో ఉండేవారికి నేను కుచ్చుల గ్లౌజునే సూచిస్తాను. దాన్నయినా రెండు కొనండి. ఒకటి పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పై భాగానికి. రెండోది తలుపుల కింది భాగానికి, బంపర్లకు. చక్రాలకు వేరే పాత గ్లౌజు ఉండాలి, ఎందుకంటే బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి ఒకసారి కుచ్చుల్లో చేరితే ఎంత ఉతికినా పూర్తిగా పోదు.

ఎంత మంచి గ్లౌజైనా ఒకే బకెట్టుతో కడిగితే దాని విలువ పోతుంది. ఒక బకెట్టులో షాంపూ నీళ్లు, రెండో దానిలో ఉత్త నీళ్లు ఉంచి, ఒక్కో భాగం కడిగాక ముందు ఉత్త నీళ్లలో జాడించి, తరువాతే షాంపూలో ముంచాలి. అన్నిటికన్నా ముందు పైపుతోనో మగ్గుతోనో ధారగా నీళ్లు పోసి, ఊడిపోయే దుమ్మునంతా ఊడగొట్టాలి.

తుడుపు టవల్ విషయంలో మన నీళ్లను మరచిపోకూడదు. హైదరాబాద్‌లోని చాలా కాలనీల్లో వాడే బోరు నీరు ఉప్పదనం, సున్నం ఉన్న నీరు. ఎండకు బాడీ మీదే ఆరిపోతే తెల్లటి మచ్చలు మిగులుతాయి, ఆ మచ్చలను గోకి తీయబోతే గీతలు మిగులుతాయి. కాబట్టి నీటిని వేగంగా తాగే పెద్ద టవల్ ఒకటి తప్పనిసరి. పురి పెట్టిన ఉచ్చుల రకం, 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు, సుమారు 800 జీఎస్ఎమ్ ఉన్నదైతే ఒక్కటే మామూలు కారును ఆరబెట్టగలదు. పొడిగా అది 430 గ్రాములకు పైనే తూగుతుంది, తడిస్తే పిండడానికి రెండు చేతులూ కావాలి. చిన్న చిన్న గళ్లుగా నేసిన వాఫిల్ రకం తేలికగా ఉంటుంది, పిండడం సులువు, త్వరగా ఆరుతుంది, కానీ పిండుకుంటూ వాడాలి. షామీ అని మనం పిలిచే పసుపుపచ్చ ప్లాస్టిక్ తోలు నీటిని బాగానే లాగుతుంది గానీ, దానికి నూగే లేదు. మిగిలిపోయిన ఒక్క రేణువైనా దాని కింద నలిగి గీస్తుంది. దాన్ని అద్దాల వరకే పరిమితం చేయాలి. ఏ టవల్ అయినా రుద్దవద్దు. బానెట్ మీద దుప్పటిలా పరిచి, రెండు మూలలు పట్టుకుని మెల్లగా మీ వైపు లాక్కోండి, నిలువు భాగాల మీద అద్దుతూ రండి.

వ్యాక్స్ పట్టించడానికి గుండ్రటి మెత్తటి ఫోమ్ ప్యాడ్ చాలు. 10 నుంచి 12 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే చేతిలో ఇముడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి వదిలినప్పుడు వెంటనే పూర్వరూపానికి రావాలి, పొడి రాలకూడదు, చుట్టూ అంచు పదునుగా ఉండకూడదు. డబ్బాలో గట్టిగా ఉండే వ్యాక్స్ అయితే ప్యాడ్‌ను తడిపి గట్టిగా పిండేసి వాడితే పలుచగా, సమంగా పరుచుకుంటుంది. ద్రవ రూపంలో ఉన్నదానికి పొడి ప్యాడే మేలు. మైక్రోఫైబర్ గుడ్డ చుట్టిన ప్యాడ్లు కూడా దొరుకుతాయి, కానీ అవి వ్యాక్స్‌ను ఎక్కువగా తాగేస్తాయి, పైగా కొంచెం ఎక్కువగా రాస్తాయి కనుక మరకలు తీసే పాలిష్‌కు వాటిని ఉంచుకుని, వ్యాక్స్‌కు ఫోమే వాడండి. ప్యాడ్ కింద పడితే, మట్టి అంటలేదని అనిపించినా, ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టి రెండోది తీయాలి. రెండు కొనమనడం అందుకే. టైర్లకు నల్లటి మెరుపు రాసే ప్యాడ్ వేరే. అది నూనెను లోపలికి పీల్చకుండా పైనే ఉంచే బిగువైన ఫోమ్‌తో, టైరు వంపుకు తగిన ఆకారంలో ఉంటే పని తేలికవుతుంది.

బాడీ మీద పలుచని రక్షణ పొరగా గట్టిపడే సెరామిక్ కోటింగ్‌ను ఇంట్లో వేసుకునేవారు చిన్న ఫోమ్ దిమ్మకు స్వెడ్ అనే పొట్టి నూగు మెత్తటి గుడ్డ ముక్కను చుట్టి వాడతారు. ఆ ముక్కలో కోటింగ్ ఆరి గాజులా గట్టిపడుతుంది కనుక కొంత భాగం రాసిన వెంటనే ముక్కను మార్చాలి, పని అయ్యాక పారేయాలి. కోటింగ్‌ను తుడిచిన మైక్రోఫైబర్ గుడ్డలకూ ఇదే వర్తిస్తుంది. వాటిని ఉతికి మళ్లీ బాడీకి వాడితే, చూసి చూసి గరుకు కాగితం వాడినట్లే.

ఎండిన వ్యాక్స్‌ను తుడిచేందుకు 40 సెంటీమీటర్ల గుడ్డను రెండుసార్లు మడిస్తే 20 సెంటీమీటర్ల చదరపు దొంతర అవుతుంది, తిప్పుకుంటూ, మడత మార్చుకుంటూ పోతే ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి. ఒక ముఖం వ్యాక్స్‌తో నిండి జారడం మొదలైతే వెంటనే తిప్పాలి. పొట్టి నూగు గుడ్డతో తీశాక, పొడవు నూగు గుడ్డతో బరువు పెట్టకుండా ఒకసారి తుడిస్తే మసక పోతుంది. ఒక కారుకు ఇలాంటివి నాలుగైనా ఉండాలి. వ్యాక్స్ తగిలిన గుడ్డతో ముందు అద్దం తుడవకండి, వానలో వైపర్లు తిరిగినప్పుడు అద్దమంతా జిడ్డుగా పొరలు కడుతుంది, రాత్రి వేళ అది ప్రమాదం కూడా. అందుకే అద్దాల గుడ్డలు రంగులోనే తేడాగా ఉండాలి. మా ఇంట్లో నీలం అద్దాలకు, పసుపు బాడీకి, బూడిద రంగు చక్రాలకు.

మా అపార్టుమెంటులో తెల్లవారుజామున కార్లు తుడిచే అతను సగం బకెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచేవాడు. మొదటి కారు ఇసుక పదో కారు మీద దాకా ప్రయాణం చేసేది. నెలకు మనం ఇచ్చే ఆ కొద్ది మొత్తంలోంచి అతనే మంచి గుడ్డలు కొనుక్కోవాలని ఆశించడం న్యాయం కాదు. నేను నా కారు వరకు రెండు గ్లౌజులు, ఒక వాఫిల్ టవల్ ఇచ్చి, నీళ్లు పోయడానికి వీలు లేని రోజున పొడి గుడ్డతో అసలు తుడవవద్దని, దుమ్ము అలాగే ఉన్నా పరవాలేదని చెప్పాను. అతను శ్రద్ధగా పాటిస్తున్నాడు. ఇలాంటి సదుపాయం ఉన్నవారందరూ ఇంతమాత్రం చేయగలరు.

గుడ్డలను ఉతికే తీరును బట్టి వాటి ఆయుష్షు ఉంటుంది. నూలు బట్టలతో కలిపి మెషీనులో వేయకూడదు, నూలు పీచు మైక్రోఫైబర్‌లో చిక్కుకుని ఇక వదలదు. సబ్బు పొడి కరగకుండా మిగిలితే రేణువులుగా నిలుస్తుంది కనుక ద్రవ డిటర్జెంటు వాడాలి. బట్టలకు మెత్తదనం, సువాసన ఇచ్చే ద్రవాలు పోగు మీద పొర కట్టి పీల్చే గుణాన్ని చంపేస్తాయి, బ్లీచింగు పోగునే తినేస్తుంది. గోరువెచ్చని నీళ్లు చాలు, మరిగే నీళ్లు, ఇస్త్రీ పెట్టె పోగు కొసలను కరిగించి బిరుసు చేస్తాయి. బోరు నీటి వల్ల గుడ్డ గట్టిపడినట్లు అనిపిస్తే చివరి జాడింపు నీటిలో చిన్న కప్పు తెల్ల వెనిగర్ కలపండి. ఆరేయడం నీడలో, గాలి ఆడే చోట. డాబా పిట్టగోడ మీద మాత్రం వద్దు, ఉతికిన గుడ్డకు సిమెంటు ఇసుకను మళ్లీ మనమే అంటించినట్లవుతుంది. ఆరిన వాటిని మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

బాడీ గుడ్డ కొంత కాలానికి పలచబడుతుంది, నూగు అతుక్కుపోయి కుచ్చు కడుతుంది. అప్పుడు దాని మూల ఒకటి కత్తిరించి గుర్తు పెట్టి, తలుపు లోపలి అంచులకు, చక్రాలకు మార్చండి. మరికొన్నాళ్లకు రెండో మూల కూడా కత్తిరిస్తే అది ఇంజను గదికి, బైకు చైను నూనెకు పోతుంది. మూల తెగిన గుడ్డ బానెట్ మీదికి రాకూడదన్న నియమం ఇంట్లో అందరికీ, కారు తుడిచే మనిషికీ ఒకసారి చెప్పి ఉంచండి.