ఆల్బుమిన్‌తో బంగారు నానో సమూహాల తయారీ

బంగారు లవణాన్ని నానో కణాలుగా (పరమాణువుల అతి చిన్న సమూహాలుగా) మార్చాలంటే సాధారణంగా క్షయకరణకారిణి (ఎలక్ట్రాన్లను ఇచ్చి అయాన్లను లోహంగా మార్చే పదార్థం) ఒకటి, కణాలు గుమిగూడకుండా కాపాడే పదార్థం మరొకటి కావాలి. పశువుల రక్తరసం నుండి తీసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఆ రెండు పనులనూ తానే చేస్తుంది. 2009లో సింగపూర్ పరిశోధకులు ప్రకటించిన ఈ పద్ధతికి భారీ యంత్రాలేవీ అక్కరలేదు కనుక, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల ఎమ్మెస్సీ విద్యార్థులు దీనిని ప్రాజెక్టుగా చేపట్టవచ్చు.

గాజుసామానును ఆక్వా రీజియాతో (గాఢ నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమంతో), తప్పనిసరిగా ఫ్యూమ్ హుడ్‌లోనే (విషవాయువులను బయటకు లాగే గూటిలోనే) కడగాలి. మన బోరు నీటిలో లవణాలు ఎక్కువ కాబట్టి చివరి కడుగుకూ ద్రావణాలకూ డీఅయనైజ్డ్ (అయాన్లు తొలగించిన) నీటినే వాడాలి. బంగారు లవణం లోహపు చెంచాను తినేస్తుంది. ప్లాస్టిక్ చెంచాతో తీయాలి.

మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల ఆల్బుమిన్ కలిగిన ద్రావణం 5 మిల్లీలీటర్లు తీసుకొని, 37 డిగ్రీల వద్ద గట్టిగా కలుపుతూ, పై బంగారు లవణమైన క్లోరోఆరిక్ ఆమ్లపు 10 మిల్లీమోలార్ ద్రావణం 5 మిల్లీలీటర్లు చేర్చాలి. రెండు నిమిషాల తర్వాత 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ అర మిల్లీలీటరు పోసి, 12 గంటలపాటు అదే ఉష్ణోగ్రతలో ఉంచాలి. ఆ రెండు నిమిషాల వ్యవధిని తేలికగా తీసుకోరాదు: బంగారు అయాన్లు ప్రోటీన్‌లోకి చేరి కుదురుకున్నాకనే క్షారం పడాలి. క్షారం పడ్డాక ప్రోటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్ల భాగాలు ప్రోటాన్‌ను కోల్పోయి బంగారాన్ని క్షయకరిస్తాయి, సిస్టీన్ అనే మరో అమైనో ఆమ్లంలోని గంధకం ఏర్పడిన సమూహాన్ని పట్టి ఉంచుతుంది. వేసవిలో ఇక్కడి గదులు 40 డిగ్రీలు దాటుతాయి కనుక గది వేడిని నమ్ముకోక ఇంక్యుబేటరునే వాడాలి. రాత్రి కరెంటు పోయే చోట పగటిపూట మొదలుపెట్టడం మేలు.

ద్రావణం ముదురు గోధుమరంగుకు మారినంత మాత్రాన పని ఫలించిందనుకోరాదు. 365 నానోమీటర్ల యూవీ దీపం కింద ఎర్రగా వెలిగితేనే, సుమారు 25 పరమాణువుల సమూహాలు ఏర్పడ్డాయని భావించవచ్చు. కాంతి శోషణ వర్ణపటంలో 520 నానోమీటర్ల దగ్గర శిఖరం కనిపిస్తే పెద్ద కణాలు ఏర్పడినట్లే.

తర్వాత మిగిలిన అయాన్లను డయాలిసిస్ (సూక్ష్మరంధ్రాల పొర గుండా వడపోత) ద్వారా తొలగించి, 4 డిగ్రీల వద్ద చీకటిలో భద్రపరచాలి. జీవకణాల చిత్రణ వంటి వైద్య పరిశోధనకు వాడదలిస్తే, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుండి వచ్చే విషపదార్థం) పరీక్ష జరపకుండా జీవకణాల పెంపకపు పాత్రలో చుక్క కూడా వేయకూడదు. మనుషుల కోసం ఉద్దేశించిన పరిశోధనలో మాత్రం పశువుల ప్రోటీన్ పట్ల రోగనిరోధక వ్యవస్థ ప్రతిస్పందించే ప్రమాదం ఉన్నందున, మానవ ఆల్బుమిన్‌ను ఎంచుకోవడమే ఉచితం.