నచ్చిన పుస్తకాల పట్టీ – 3వ పాఠం: నవల కానివి చదవడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు: ఇష్టమైన పది పుస్తకాల పేర్లు నోటుబుక్కులో రాసి, ఒక్కోటీ ఎందుకు నచ్చిందో పక్కనే ఒక్క వాక్యం రాయడం. ఇప్పుడా పేజీ తీయండి. పదిలో ఎనిమిదో తొమ్మిదో నవలలే ఉన్నాయా? మనలో చాలామందికి చదివే అలవాటు వారపత్రికల సీరియళ్ల నుంచో, అద్దె పుస్తకాల షాపు నుంచో అబ్బింది కాబట్టి అది మామూలే. అయితే నవలను చదివినట్టే అన్నింటినీ చదివితే మంచి నాటకం కూడా చప్పగా అనిపిస్తుంది. ‘తర్వాత ఏమైంది?’ అన్న ప్రశ్న నవలకు సరిపోతుంది. మిగతావాటిని అడగాల్సిన ప్రశ్నలు వేరు.

ముందు నాటకం. ఇక్కడ అడగాల్సింది: ఈ మాట ఎవరంటున్నారు, ఎవరు వింటున్నారు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన నాటకం ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదివేది గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో తెచ్చిన రెండో కూర్పు. మొదటి రంగం బొంకులదిబ్బ దగ్గర. గిరీశం ఒక్కడే ఉంటాడు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి వేరే ఖర్చు చేసేసిన సంగతి తనలో తనే చెప్పుకుంటాడు. వినేవాళ్లు లేరు గనక నిజం చెప్పేస్తాడు. తర్వాత శిష్యుడు వెంకటేశం వస్తాడు. ఇక చూడండి, గొంతే మారిపోతుంది: ఇంగ్లీషు ముక్కలు, డాబు, లెక్చర్లు. ఇతను మోసగాడని చెప్పడానికి రచయిత మధ్యలోకి రానక్కర్లేదు. ఎదుట మనిషి మారేసరికి గిరీశం మాట మారింది, మనకు అంతా తెలిసిపోయింది.

అందుకే నాటకాన్ని మనసులో చదవకండి. ఆ మొదటి రంగం ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకుని పైకి చదవండి. వెంకటేశం మాటలు వాళ్లకివ్వండి. ఉత్తరాంధ్ర యాస కొత్తవాళ్లకు కాగితం మీద కాస్త ఇబ్బంది పెడుతుంది గానీ, చెవిన పడితే ఇట్టే అర్థమవుతుంది.

ఇక యాత్రాచరిత్ర. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసినవాడు. 1830 మే 18న పెద్ద పరివారంతో బయల్దేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీ చేరాడు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని కోస్తా వెంట 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. మన దేశంలో ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంటే ఈ దారి చాలావరకు పల్లకీలు, కాలినడక.

నవల అలవాటుతో దీన్ని పట్టుకుంటే ఇరవై పేజీల్లో విసుగొస్తుంది. ఫలానా ఊళ్లో దిగడానికి చోటుందా, సరుకులు దొరుకుతాయా, దారి ఎలాంటిది అన్న వివరాలే వరసగా వస్తుంటాయి. కానీ అసలు రుచి వాటిలోనే ఉంది! అంతమందికి రోజూ వండిపెట్టాల్సిన మనిషికి ప్రతి ఊరూ ముందు బియ్యం, నీళ్లుగానే కనపడుతుంది. అడగాల్సిన ప్రశ్న: ఈయన కన్ను దేనిమీద ఆగుతోంది, దేన్ని దాటిపోతోంది? ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఒక్కో మజిలీ వెతుక్కుంటూ రోజుకు నాలుగైదు పేజీలు చాలు. మీ ఊరు ఆ దారిలో ఉంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి, నేనేమీ అనను.

కవిత్వానికి ఒకటే నియమం: పైకి చదవండి. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో, కవితలు చాలావరకు 1930లలోవి. అర్థం తర్వాత చూసుకోవచ్చు, ముందు నడక పట్టుకోండి.

చిన్న కథను రెండుసార్లు చదవాలి. రెండోసారి మొదటి పేరా దగ్గర ఆగి, ముగింపుకు కావలసిన సరంజామా అక్కడ ఏం పెట్టారో చూడండి. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ ఇందుకు చక్కగా పనికొస్తుంది. రావుగారు జీవితానికి పెట్టుకున్న కట్టుబాట్లు మొదట్లో ఎందుకంత వివరంగా చెప్పారో తుపాను రాత్రి గడిచాక తెలుస్తుంది.

ఈ వారం పని: మీ పట్టీలో నవలలు మూడే ఉంచండి. కొట్టేయడానికి మనసొప్పదు, తెలుసు. వాటిని వెనక పేజీలోకి మార్చండి. ఖాళీ అయిన చోట నాటకం, యాత్ర, కవిత్వం, కథ అని రాసి, ఒక్కోదానికి ఒక్క పుస్తకం ఎంచుకోండి. చదివాక పక్కన రాసే వాక్యంలో ‘బాగుంది’, ‘అద్భుతం’ వాడొద్దు. ఏ రంగం, ఏ మజిలీ, ఏ పంక్తి పట్టుకుందో రాయండి. నచ్చకపోతే ఎక్కడ ఆపేశారో పేజీ నంబరు వేయండి, అది 5వ పాఠంలో కావాలి.

వచ్చే పాఠం ఆత్మకథల మీద. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ దొరికితే తెచ్చి పెట్టుకోండి.