డ్రైవ్ షాఫ్ట్ విప్పే ముందు

డ్రైవ్ షాఫ్ట్ అంటే గేర్‌బాక్స్ నుంచి ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ. ముందు హబ్ నట్, అంటే చక్రం మధ్యలో షాఫ్ట్ చివర బిగించిన పెద్ద నట్. కారు నేల మీద ఉండగానే, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు చెక్కలు అడ్డుపెట్టి వదులు చేయాలి. కారు జాకీ మీద ఉండగా బలం పెడితే జారుతుంది. తర్వాత కారు లేపాక స్టాండ్లు తప్పనిసరి. ఒట్టి జాకీని నమ్మి కిందకు దూరొద్దు.

కొత్త నట్, బూట్లు (షాఫ్ట్ జాయింట్లను కప్పే రబ్బరు తొడుగులు), వాటి క్లిప్పులు, సర్క్లిప్ (షాఫ్ట్‌ను పట్టి ఉంచే స్ప్రింగు రింగు), ఆయిల్ సీల్ (గేర్ ఆయిల్ కారకుండా ఆపే రింగు) చేతిలో ఉన్నాకే మొదలుపెట్టండి. షాఫ్ట్ బయటకు రాగానే గేర్ ఆయిల్ కారుతుంది, ఆ ఆయిల్‌ను ముందే తీసేయండి.

షాఫ్ట్ పట్టుకుని లాగొద్దు: లోపలి జాయింట్ ఊడిపోతుంది. గేర్‌బాక్స్ దగ్గర జాయింట్ కప్పునే ప్రై బార్‌తో (ఎత్తిపట్టే ఇనుప కడ్డీ) కదపాలి, సీల్‌కు తగలకుండా. క్యాలిపర్‌ను (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) బ్రేక్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే బ్రేక్ వ్యవస్థ) వైరు తెగకుండానూ చూసుకోండి.

మలుపులో టకటక వినిపిస్తోందా? బూటు మారిస్తే సరిపోదు, జాయింటే అరిగింది.

జాయింట్‌కు గ్రీజు బూటు కిట్‌లో వచ్చిందే వాడండి, మొత్తం.