కోతులు ఇంటి చుట్టూ తిరుగుతుంటే ముందు తిండి దారి మూసేయండి

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్క్ చుట్టుపక్కల, యూనివర్సిటీ క్యాంపస్‌ల దగ్గర ఉండేవాళ్లకు కోతుల టెన్షన్ తెలిసిందే. టపాసులు కాల్చి తరిమినా, ఇంట్లో తిండి దొరుకుతుందని తెలిస్తే మళ్లీ వస్తాయి. అందుకే చెత్తడబ్బాకు గట్టి మూత పెట్టండి. పండిన జామకాయలు చెట్టు మీద ఉంచకండి. డాబా మీద వడియాలు ఎండబెడితే ఎవరో ఒకరు కాపలా ఉండాలి. వంటింటి కిటికీకి, బాల్కనీకి గట్టి ఇనుప జాలీ వేయించండి, నైలాన్ వలను కొరికేస్తాయి.

మంగళవారం, శనివారం ఆంజనేయస్వామి పేరు చెప్పి అరటిపండ్లు పెట్టేవాళ్లను దయచేసి ఆపండి. భక్తి మంచిదే, కానీ అలా అలవాటైన కోతే రేపు పిల్లల చేతిలో కవర్ లాక్కుంటుంది.

ఎదురుపడితే కళ్లలోకి చూడకండి, పళ్లు కనిపించేలా నవ్వకండి. దాన్ని అవి బెదిరింపుగా తీసుకుంటాయి. పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి జరగండి. పిల్ల కోతి దగ్గరికి అసలు వెళ్లొద్దు. ఇంట్లోకి దూరితే తలుపులు బార్లా తీసి, దారికి అడ్డం లేకుండా పక్కకు తప్పుకోండి. మూలకు నెడితే కరవొచ్చు.

కరిచినా, గీరినా పసుపు, సున్నం పూయకండి. సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లండి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. చిన్న గీత అయినా సరే, తర్వాత చూద్దామని ఆగొద్దు.