ఎలుకలపై పొడపత్రి పరీక్ష: మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

పొడపత్రి ఆకు షుగర్‌ను తగ్గిస్తుందో లేదో ఎలుకలపై చూస్తాం. కడపలో మా ల్యాబ్‌కు కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది.

ముందు జంతు నైతిక కమిటీ అనుమతి. అది చేతికి రాకుండా ఒక్క ఎలుకను కూడా తెప్పించొద్దు.

ఈ ఆకు నమిలాక పంచదార వేసుకుంటే తీపి తెలియదు, నోట్లో ఇసుక పోసుకున్నట్టుంటుంది. అంతమాత్రాన పొడపత్రేనని ఖాయం చేసుకోకండి. వృక్షశాస్త్రం తెలిసినవారితో గుర్తింపు చేయించి, ఎండబెట్టిన నమూనా ఒకటి దాచండి.

షుగర్ తెప్పించే స్ట్రెప్టోజోటోసిన్‌ను 4.5 పీహెచ్ సిట్రేట్ బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం), ఐస్ మీద, ఇంజెక్షన్‌కు కాస్త ముందే కలపాలి. నిలవ ఉంటే పాడవుతుంది. విషపదార్థం కాబట్టి గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. ఇంజెక్షన్ తర్వాత మొదటి రోజు అసలు గండం. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు దెబ్బతిని, వాటిలోని ఇన్సులిన్ ఒక్కసారిగా బయటికొచ్చి రక్తంలో చక్కెర పడిపోతుంది. ఆ రాత్రి నీళ్లసీసాలో గ్లూకోజ్ కలిపి పెట్టండి. ఒకసారి మేం మరిచిపోయాం. తెల్లారి పంజరం మూలన రెండు ఎలుకలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ బాధ ఇంకా పోలేదు.

పొడపత్రి ఇచ్చే గుంపుతో పోల్చడానికి మందేమీ ఇవ్వని షుగర్ గుంపు, మెట్‌ఫార్మిన్ (మామూలు షుగర్ మందు) ఇచ్చే గుంపు, ఆరోగ్యంగా ఉన్న గుంపు కూడా ఉండాలి.

షుగర్ వచ్చిన ఎలుక నీళ్లు తెగ తాగుతుంది, పంజరంలో పరిచిన పొట్టు తెల్లారేసరికి తడిసి ముద్దవుతుంది. రోజూ మార్చేదెవరో ముందే తేల్చుకోండి. మే నెలైతే జనరేటర్‌లో డీజిల్ కూడా చూసుకోండి. మన ఎండలకు ఏసీ ఆగితే ఎలుకలు తట్టుకోలేవు.